వెన్నుపూసపై చెయ్యి వేసి జైలుకెళ్ళిన డి.డి. పామర్

చెన్నై, హోసూరు, బెంగళూరు, బళ్ళారి... ఈ ఊళ్ళలో ఉండే మనవాళ్ళలో పుత్తూరు కట్టు అన్న బోర్డు చూడనివారు అరుదు. ఒకప్పటి చిత్తూరు జిల్లాలో, ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉన్న ఆ ఊరి పేరే ఎముకల కట్టుకు పేరైపోయింది. చెయ్యి విరిగినా, కాలు బెణికినా, మెడ పట్టేసినా ముందు కట్టు కట్టేవారి దగ్గరికే వెళ్ళే ఇళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి చేతి పనిగా వస్తుంది. దానికి పరీక్ష లేదు, పట్టా లేదు. ఊరి నమ్మకమే దాని లైసెన్సు.

ఇప్పుడు పెద్ద నగరాల్లో ఇంకో బోర్డు కనిపిస్తోంది. అది కైరోప్రాక్టిక్. మెడను ఒక్క విసురుతో తిప్పి, టక్కుమని శబ్దం వినిపించే వీడియోలు మన ఇళ్ళలోని ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. వెన్నెముక మీద చెయ్యి వెయ్యడానికి ఈ మనిషికి అధికారం ఎవరిచ్చారు? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? నేర్చుకునేటప్పుడు పక్కన నిలబడి చూసిందెవరు? ఈ ప్రశ్నలు మనకు కొత్తగా తోస్తున్నా, 120 ఏళ్ళ కిందటే అమెరికాలో ఒక కోర్టు దాకా వెళ్ళాయి. అప్పుడు బోనులో నిలబడ్డది ఆ విద్యను పుట్టించిన డేనియల్ డేవిడ్ పామర్. ఆయన జీవితాన్ని మేము ఇక్కడ చెప్పడానికి కారణం అదే.

కెనడా కుర్రాడు, కిరాణా కొట్టు

పామర్ 1845 మార్చి 7న కెనడాలో, నేటి ఒంటారియో రాష్ట్రంలోని టొరంటోకు దగ్గర పికరింగ్ ప్రాంతంలో పుట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో, 1865లో, తమ్ముడితో కలిసి సరిహద్దు దాటి అమెరికా చేరారు. బతుకుతెరువు కోసం ఆయన చెయ్యని పని లేదు. బడిపంతులుగా పాఠాలు చెప్పారు. ఇల్లినాయ్‌లో తేనెటీగలు పెంచారు, పళ్ళ మొక్కలు పెంచి అమ్మారు. తర్వాత అయోవా రాష్ట్రంలో కిరాణా కొట్టు నడిపారు. వైద్య కళాశాల గడప మాత్రం తొక్కలేదు.

ఆ రోజుల్లో అమెరికా పల్లెల్లో అయస్కాంత వైద్యం పేరుతో ఒక పద్ధతి బాగా నడిచేది. మందూ మాకూ ఉండవు. రోగి ఒంటి మీద చేతులు వేసి, తమలోని శక్తిని రోగికి పంపుతున్నామని చెప్పేవారు. పామర్ 1880ల మధ్యలో ఈ దారి పట్టారు. 1887లో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న డావెన్‌పోర్ట్ పట్టణానికి మారి, ర్యాన్ బిల్డింగ్‌లో గదులు తీసుకున్నారు. రోగులు బాగానే వచ్చేవారు. తొమ్మిదేళ్ళ పాటు ఆయన గుర్తింపు అయస్కాంత వైద్యుడిగానే.

ఆయన రాతల ప్రకారం 1895 సెప్టెంబరు 18న కథ మలుపు తిరిగింది. ఆ భవనం ఊడ్చి శుభ్రం చేసే హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి కార్మికుడికి చాలా ఏళ్ళుగా చెవులు సరిగా వినపడేవి కావు. ఒకసారి వంగి బరువు లాగుతుంటే వీపులో ఏదో కదిలిందని, అప్పటినుంచే వినికిడి పోయిందని ఆయన చెప్పారట. పామర్ వెన్ను తడిమి చూసి, ఒక పూస పైకి లేచినట్టు అనిపించి, చేత్తో తోసి సర్దారు. ఆ తర్వాత లిల్లార్డ్‌కు వినపడిందని పామర్ రాసుకున్నారు. తేదీ గురించీ, జరిగిన తీరు గురించీ చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. వినికిడి నరం పుర్రె లోపలే ఉంటుంది, వెన్నెముక గుండా పోదు. అందుకే వైద్యులు ఈ కథను మొదటినుంచీ అనుమానంగానే చూశారు.

పామర్ మాత్రం ఆ ఒక్క సంఘటన మీద పెద్ద సిద్ధాంతమే కట్టారు. పూసలు చోటు తప్పి నరాలను నొక్కడం వల్లే రోగాల్లో నూటికి 95 వస్తాయని 1910లో వేసిన పుస్తకంలో తేల్చేశారు. టీకాలనూ వ్యతిరేకించారు. రోగాలన్నిటికీ పూసలే మూలమన్న ఆ సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. నడుము నొప్పి వంటి కొన్ని బాధలకు వెన్నెముకను చేత్తో సర్దే చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందన్నంత వరకే ఆధారాలున్నాయి.

పేరు వచ్చింది, బడి వచ్చింది

కొత్త పద్ధతికి ఒక పేరు కావాల్సి వచ్చింది. పామర్ దగ్గరికి వైద్యానికి వచ్చే శామ్యూల్ వీడ్ అనే పాస్టరుకు గ్రీకు వచ్చు. చెయ్యి, చేసే పని అని అర్థం వచ్చే రెండు గ్రీకు మాటలు కలిపి 1896లో కైరోప్రాక్టిక్ అన్న పేరు ఇచ్చింది ఆయనే. మన భాషలో చెప్పాలంటే చేతి పని. పుత్తూరు కట్టు కట్టేవారు తమ విద్యకు గ్రీకు పేరు పెట్టుకోలేదు గానీ, మూలం రెండింటికీ ఒకటే: చెయ్యి.

మొదట్లో పామర్ ఈ విద్యను గుట్టుగా ఉంచుకున్నారు. ఎదుటివారు నేర్చేసుకుంటారన్న భయం ఉండేది. ఒక రైలు ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడ్డాక, తనతోనే ఇది పోకూడదని నేర్పడానికి ఒప్పుకున్నారని చెబుతారు. 1890ల చివరికి డావెన్‌పోర్ట్‌లో బడి మొదలైంది. 1902 నాటికి పట్టా తీసుకున్నవారు పదిహేను మందే. అప్పటికే వేరే పద్ధతుల్లో వైద్యం చేస్తున్నవారు కూడా వారిలో ఉన్నారు. ఆయన కొడుకు, ఇరవై ఏళ్ళ బార్ట్‌లెట్ జాషువా పామర్, అందరూ బి.జె. అని పిలిచే మనిషి, ఆ పదిహేను మందిలో ఒకరు.

మన కథకు ముడిపడేది ఇక్కడే. ఆ బడిలో నేర్పినది గురువు చేతి పని. శిష్యుడు గురువు పక్కన నిలబడి చూసి, రోగి మీద చెయ్యి వేసి నేర్చుకునేవాడు. కొద్ది నెలల్లో పట్టా చేతికొచ్చేది. ఆ పట్టా మీద సంతకం పెట్టిన గురువుకే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతి లేదు. అయోవాలో 1886 నుంచే వైద్య చట్టం ఉంది. రాష్ట్ర వైద్య పరీక్షాధికారుల మండలి ధ్రువపత్రం ఇవ్వనిదే వైద్యం చెయ్యకూడదు. మందు రాస్తేనే వైద్యం అని ఆ చట్టం అనలేదు. రోగం నయం చేస్తానని బహిరంగంగా చెప్పుకున్నా అది వైద్యం కిందకే వస్తుంది. మందు ఇవ్వను, కత్తి పట్టను, కాబట్టి నాకు చట్టంతో పని లేదన్న పామర్ వాదన నిలవకపోవడానికి కారణం ఇదే. నయం చేస్తానని ఆయన పత్రికల్లో, కరపత్రాల్లో ఏళ్ళ తరబడి అచ్చువేశారు.

చట్టం వద్దన్నదీ ఆయనే

శిష్యులు పెరిగే కొద్దీ పోటీ బడులు వచ్చాయి. పామర్ దగ్గరే చదివిన సోలన్ లాంగ్‌వర్తీ 1903లో అదే అయోవాలోని సీడార్ రాపిడ్స్‌లో సొంత బడి పెట్టారు. పాఠ్యక్రమం పెంచాలని, చట్టబద్ధమైన గుర్తింపు తేవాలని ఆ వర్గం ప్రయత్నించింది. 1905లో మిన్నెసోటా శాసనసభ కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఇచ్చే బిల్లును ఆమోదించింది. గవర్నరు జాన్ జాన్సన్ సంతకం చేస్తే, ఆ విద్యకు ప్రపంచంలో మొదటి చట్టం అదే అయ్యేది. దాన్ని అడ్డుకున్నవారిలో పామర్ కూడా ఉన్నారు. తన విద్యను ప్రత్యర్థులు తమకు నచ్చినట్టు మార్చి, పరీక్షాధికారుల కుర్చీల్లో తామే కూర్చుంటారని ఆయన అనుమానం. గవర్నరు బిల్లును తిప్పి పంపారు.

ఇది చిన్న విషయం కాదు. మరుసటి ఏడాదే తనను జైలుకు పంపబోయే లోటును పూడ్చే అవకాశం వచ్చినప్పుడు, విద్య ఎవరి చేతిలో ఉండాలన్న పంతం గెలిచింది. అలాంటి పంతాలు మనకూ కొత్త కాదు. వంశంలో దాచుకున్న మందు, ఇంటి బయటికి చెప్పని పసరు గురించి వినని ఊరు ఉండదు.

ఇరవై మూడు రోజులు

1905 చివర్లో పామర్ భార్య విల్లా మరణించారు. 1906 ప్రారంభంలో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆ మార్చి నెలలోనే స్కాట్ కౌంటీ కోర్టులో విచారణ జరిగింది. అనుమతి పత్రం లేకుండా వైద్యం చేశారని అభియోగం. జ్యూరీ దోషి అని తేల్చింది. 350 డాలర్ల జరిమానా కట్టాలి, లేదా 105 రోజులు జైల్లో ఉండాలి. జరిమానా కడితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆయన జైలును ఎంచుకున్నారు. అప్పుడు ఆయన వయసు 61. ఇరవై మూడు రోజులు గడిచాక జరిమానా కట్టి బయటికి వచ్చారు.

బయటికొచ్చేసరికి ఇల్లు మారిపోయింది. బడి పెత్తనం బి.జె. చేతుల్లోకి వెళ్ళింది. తండ్రీ కొడుకులకు పొసగలేదు. చివరికి మధ్యవర్తులు కూర్చుని లెక్క తేల్చారు. బడిలో తన వాటాను పామర్ సుమారు 2,200 డాలర్లకు, కొన్ని పుస్తకాలకు, ఎముకల నమూనాలకు వదులుకున్నారు. తాను పెట్టిన బడి, తన పేరే ఉన్న బడి, తనది కాకుండా పోయింది.

ఆ తర్వాత ఆయన ఒక చోట నిలవలేదు. ఓక్లహోమాలో మళ్ళీ కిరాణా కొట్టు. ఓక్లహోమా సిటీలో ఒకరితో కలిసి బడి, కొన్నాళ్ళకే విభేదాలు. 1908లో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో మరో బడి, అదీ ఎక్కువ కాలం సాగలేదు. 1910లో వెయ్యి పుటల దాకా ఉన్న తన పెద్ద గ్రంథాన్ని అక్కడే అచ్చువేశారు. అందులో సగం సిద్ధాంతమైతే, మిగతా సగం పాత శిష్యులతోనూ కొడుకుతోనూ పోట్లాటే.

కోర్టులో గెలిచిన శిష్యుడు

తండ్రి జైలుకు వెళ్ళిన ఏడాదే బి.జె. డావెన్‌పోర్ట్‌లో యూనివర్సల్ కైరోప్రాక్టర్స్ అసోసియేషన్ ఏర్పాటులో ముందు నిలిచారు. సభ్యుల మీద కేసు పడితే లాయరు ఖర్చు సంఘం భరించాలి. ఆ ఏర్పాటుకు పరీక్ష వెంటనే వచ్చింది. 1907లో విస్కాన్సిన్‌లోని లా క్రాస్ పట్టణంలో, పామర్ బడిలో చదివిన జపాను దేశస్థుడు షెగెతారో మోరికుబో మీద కేసు పెట్టారు. ఆ రాష్ట్రంలో లైసెన్సు అవసరమైన ఆస్టియోపతీ అనే ఎముకల వైద్యాన్ని అనుమతి లేకుండా చేశారని ఆరోపణ. కైరోప్రాక్టిక్ ఆస్టియోపతీ కాదు, దాని సిద్ధాంతమే వేరు అని లాయరు టామ్ మోరిస్ వాదించి గెలిచారు. ఆ వాదనకు ఆధారంగా చూపించింది పామర్ పుస్తకం కాదు. పామర్‌కు గిట్టని లాంగ్‌వర్తీ వర్గం 1906లో వేసిన పాఠ్యపుస్తకం.

మోరికుబో గెలిచారు గానీ, మూల ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫలానా వైద్యం కాదు అని నిరూపించుకుంటే శిక్ష తప్పుతుంది. అయితే అది ఏమిటి, దాన్ని ఎవరు ఎంతకాలం నేర్చుకోవాలి, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నదానికి ఆ తీర్పులో సమాధానం లేదు. తర్వాతి ఇరవై ఏళ్ళలో వందల మంది కైరోప్రాక్టర్లు జైళ్ళకు వెళ్ళారు. ముఖ్యంగా కాలిఫోర్నియాలో జరిమానా కట్టకుండా జైలుకు వెళ్ళడమే ఉద్యమంగా మారింది. పామర్ 23 రోజులు ఒక సంప్రదాయమే అయ్యాయి.

చివరి ఏడాది

1913లో కాన్సాస్ రాష్ట్రం కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఇచ్చే మొదటి చట్టం చేసింది. ఎనిమిదేళ్ళ కిందట మిన్నెసోటాలో ఆగిపోయినది ఇక్కడ నెరవేరింది. అది చూడడానికి పామర్ బతికే ఉన్నారు గానీ, కొద్ది నెలలే. ఆ ఆగస్టులో ఆయన డావెన్‌పోర్ట్ వచ్చారు. బడి పూర్వ విద్యార్థుల ఊరేగింపులో తండ్రీ కొడుకుల గొడవ వీధిన పడింది. కొడుకు కారు తండ్రికి తగిలిందన్న ఆరోపణ కూడా పుట్టింది. పామర్ 1913 అక్టోబరు 20న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. మరణ పత్రంలో కారణం టైఫాయిడ్ అని ఉంది. కారు ఆరోపణ కోర్టుల్లో నిలవలేదు. ఆయన చివరి ఉపన్యాసాలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి.

తర్వాత చట్టం ఏం చేసింది

మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా కదిలాయి. కాలిఫోర్నియాలో 1922లో ప్రజలే ఓటు వేసి చట్టం తెచ్చుకున్నారు. 1925 నుంచి విస్కాన్సిన్, కనెటికట్ మొదలుకొని చాలా రాష్ట్రాలు ఇంకో మెట్టు పెట్టాయి. ఏ పద్ధతిలో వైద్యం చేసేవారైనా ముందు శరీర నిర్మాణం, శరీర ధర్మం వంటి మూల శాస్త్రాల్లో పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష దెబ్బకు బడులు పాఠాలు పెంచక తప్పలేదు. లూసియానా 1974లో చట్టం చెయ్యడంతో అమెరికాలోని యాభై రాష్ట్రాలూ పూర్తయ్యాయి. అదే ఏడాది ఈ విద్యాలయాలకు గుర్తింపు ఇచ్చే సంస్థను ఆ దేశ ప్రభుత్వం ఆమోదించింది. ఇప్పుడు అక్కడ పట్టాకు కనీసం 4,200 గంటల చదువు కావాలి. విద్యార్థి రోగిని ముట్టుకునేది కళాశాల క్లినిక్‌లోనో అనుమతి ఉన్న చోటో, లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలో మాత్రమే.

పామర్ పుట్టిన ఒంటారియోలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. అక్కడి 1991 ఆరోగ్య వృత్తుల చట్టం, వెన్నెముక కీళ్ళను వాటి మామూలు కదలిక హద్దు దాటించి ఒక్క విసురుతో తోయడాన్ని అపాయం ఉన్న పనుల జాబితాలో చేర్చింది. చట్టం అధికారం ఇచ్చిన వృత్తులవారు తప్ప వేరెవరూ అది చెయ్యకూడదు. విద్యార్థికి మినహాయింపు ఉంది. ఆ వృత్తిలో సభ్యత్వం కోసం చదువుతూ ఉండాలి, చేసే పని ఆ వృత్తి హద్దుల్లో ఉండాలి, నమోదైన సభ్యుడి పర్యవేక్షణలోనో ఆదేశం మీదనో చెయ్యాలి. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. మెడను విసురుగా తిప్పినప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని గోడ చీలి, పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అవి అరుదే. కానీ అది మన ఇంట్లో జరిగితే ఆ మనిషికి అరుదు అన్న మాట ఊరట ఇవ్వదు.

మన గడప దగ్గర

మన దేశంలో కైరోప్రాక్టర్ల కోసమే ప్రత్యేకంగా ఏర్పడిన నమోదు మండలి లేదు. బోర్డు మీద పేరు పక్కన ఉన్న అక్షరాలు ఏ దేశపు ఏ కళాశాల ఇచ్చినవో అడిగి తెలుసుకోవాల్సింది మనమే. వైద్య విద్యార్థుల విషయంలో మాత్రం పద్ధతి మనకు బాగా తెలుసు. ఎంబీబీఎస్ చదివిన పిల్ల హౌస్ సర్జన్‌గా చేసేటప్పుడు చేతిలో ఉండేది తాత్కాలిక నమోదే. ఆ ఏడాది ఆమె సొంతంగా క్లినిక్ పెట్టకూడదు. పెద్ద డాక్టరు కన్ను మీద ఉండగానే రోగిని చూడాలి. ఆ కన్ను పిల్లను తక్కువ చెయ్యడానికి కాదు. రోగికి భరోసా ఇవ్వడానికి, నేర్చుకునేవారికి అండగా నిలవడానికి.

కట్టు వైద్యులను చులకన చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఎన్నో బీద ఇళ్ళకు వాళ్ళే దిక్కయ్యారు. కానీ పామర్ జీవితం చెప్పేది ఒకటుంది. చేతి గుణం మనిషితో వస్తుంది, మనిషితోనే పోతుంది. నేర్చుకునేవాడిని ఎవరు చూశారు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు అన్నవి మాత్రం కాగితం మీద ఉండాలి. ఆ కాగితం లేకపోవడం వల్ల పామర్ జైలుకు వెళ్ళారు. వచ్చే కాగితాన్ని అడ్డుకున్నవారిలోనూ ఆయన ఉన్నారు. ఆయన శిష్యుల శిష్యులు ఆ కాగితాన్ని సంపాదించుకోవడానికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది.

మెడ పట్టేసిన అమ్మమ్మనో, నడుము పట్టేసిన నాన్ననో వెన్నెముక సర్దేవారి దగ్గరికి తీసుకెళ్ళే ముందు మూడు మాటలు అడగండి. ఎక్కడ చదివారు? ఎక్కడ నమోదయ్యారు? చెయ్యి వేసేది మీరేనా, మీ దగ్గర నేర్చుకునే కుర్రాడా? కుర్రాడైతే మీరు పక్కనే ఉంటారా? చేతులు మొద్దుబారడం, నడక తూలడం, మాట తడబడడం వంటివి కనిపిస్తే ఎవరి దగ్గరా ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి. మంచి పనివాడు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు.